హుగ్లీని మూడు దారుల్లో దాటితే... పిల్లలతో కోల్‌కతా యాత్ర ఎలా ఉండాలి?

తెలుగు నేల నుంచి కోల్‌కతాకు బయలుదేరే రైళ్లలో అత్యధికం ఆ మహానగరంలోకి ప్రవేశించవు. విజయవాడ, విశాఖపట్నం మీదుగా రాత్రీ పగలూ ప్రయాణించి, చివరకు హుగ్లీ నది పడమటి ఒడ్డునే ఆగిపోతాయి. హౌరా, షాలిమార్, సాంత్రాగాఛీ స్టేషన్లు మూడూ ఆ ఒడ్డునే ఉన్నాయి. చూడవలసిన నగరం ఆవలి ఒడ్డున ఉంటుంది. కాబట్టి కోల్‌కతా చూడడానికి రైలులో వచ్చిన ప్రతి తెలుగు కుటుంబమూ ముందుగా చేయవలసిన పని ఒక నదిని దాటడం.

పెద్దలకు ఇది చిన్న చికాకు. సామాను, టాక్సీ బేరం, హోటల్ చిరునామా, వీటి మధ్య నది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు వెనకబడిందో కూడా తెలియదు. పిల్లల సంగతి వేరు. రెండు రోజుల్లో విక్టోరియా మెమోరియల్, కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం, మ్యూజియం, జంతుప్రదర్శనశాల అన్నీ చుట్టిరావాలని పెద్దలు వేసుకునే పట్టికలో పిల్లలకు మిగిలేది చాలా వరకు అలసటే. అదే పిల్లలు ఒక నదిని వంతెన మీద నడిచి ఒకసారి, లాంచీలో ఒకసారి, నది అడుగున మెట్రోలో ఒకసారి దాటితే ఆ నగరం ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో వారికి ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు.

ఈ మూడు దారుల్లో దేనికీ పెద్ద ఖర్చు లేదు. వంతెన ఉచితం. లాంచీకి, మెట్రోకు టికెట్ ధరలు నామమాత్రం. ఒకే రోజులో మూడూ పూర్తిచేయవచ్చు. ఆ రోజును ఎలా గడపాలో, దాని చుట్టూ మిగిలిన యాత్రను ఎలా అల్లుకోవాలో చూద్దాం.

మొదటి దారి: ఉక్కు వంతెన మీద నడక

హౌరా స్టేషన్ బయటకు రాగానే ఆకాశాన్ని సగం కప్పేస్తూ కనిపించే వంతెన 1943 ఫిబ్రవరిలో రాకపోకలకు తెరుచుకుంది. 1965లో దీనికి రవీంద్ర సేతు అని పేరు పెట్టారు. అయినా జనం నోట ఇప్పటికీ అది హౌరా బ్రిడ్జే. మొత్తం పొడవు 705 మీటర్లు. దీని విశేషం పొడవులో లేదు. వంతెన మీద నిలబడి కిందికి చూడమంటే పిల్లలే పసిగడతారు: నది మధ్యలో ఒక్క స్తంభమైనా లేదు.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెనలు చూసిన పిల్లలకు ఇది వింతగానే ఉంటుంది. అక్కడ వరుసగా స్తంభాలుంటాయి. ఇక్కడ రెండు ఒడ్డుల వద్ద రెండు పెద్ద గోపురాలు, వాటి మధ్య 457 మీటర్ల ఖాళీ. హుగ్లీ సముద్రపు ఆటుపోట్లు వచ్చే నది. ఒండ్రు ఎక్కువ, నాడు ఓడల రాకపోకలూ ఎక్కువ. స్తంభాలు వేస్తే ప్రవాహం దెబ్బతింటుంది, ఓడలకు అడ్డమవుతుంది. అంతకుముందు, 1874 నుంచి ఇక్కడ నీటిమీద తేలే వంతెన ఉండేది. ఓడ వచ్చినప్పుడల్లా దాని మధ్యభాగాన్ని తెరిచి, బండ్లను, మనుషులను ఆపవలసి వచ్చేది.

మరి స్తంభం లేకుండా మధ్యభాగం ఎలా నిలుస్తుంది? దీన్ని పిల్లల చేతనే చేయించి చూపవచ్చు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు ముందుకు చాచమనాలి. ఆ రెండు చేతుల మీద ఒక కర్రను ఆనించాలి. కర్ర బరువుకు ముందుకు ఒరిగిపోకుండా ఇద్దరూ వెనక్కి వాలాలి, లేదా వెనుక నుంచి ఎవరైనా పట్టుకోవాలి. హౌరా వంతెన నిర్మాణ సూత్రం ఇదే. దీన్ని కాంటిలీవర్ పద్ధతి అంటారు. ఒక్కో ఒడ్డు నుంచి సుమారు 143 మీటర్ల ఉక్కు బాహువు నది మీదికి చాచుకొని ఉంటుంది. వాటి చివరల మధ్య సుమారు 172 మీటర్ల భాగం వేలాడుతుంది. బాహువులు ముందుకు ఒరగకుండా ఒడ్డు వైపు భాగాలు వెనక నుంచి బిగబట్టి ఉంచుతాయి.

ఈ నిర్మాణంలో సుమారు 26,500 టన్నుల ఉక్కు వాడారు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. అందువల్ల ఉక్కులో అధికభాగాన్ని జంషెడ్‌పూర్‌లోని టాటా కర్మాగారమే సరఫరా చేసింది. ముక్కలను కలపడానికి నట్లు, బోల్టులు వాడలేదు. ఎర్రగా కాల్చిన రివెట్లతో బిగించారు. కమ్మీల మీద వరుసలు వరుసలుగా కనిపించే గుండ్రని బుడిపెలు అవే. లెక్కపెట్టమని పిల్లలను పురమాయిస్తే కాసేపటికే ఓడిపోతారు.

మరొక పాఠం కూడా ఇక్కడ ఉంది. వంతెనను పట్టి ఉంచే ఉక్కు కడ్డీల అడుగుభాగాలకు తొడుగులు కనిపిస్తాయి. బాటసారులు ఉమ్మిన పాన్, గుట్కా రసాయనాలకు ఉక్కు తినేసుకుపోతూ ఉండడంతో నిర్వాహకులు ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేయవలసి వచ్చింది. యుద్ధాన్ని తట్టుకున్న వంతెనకు ఉమ్ము ముప్పు తెచ్చిందని చెబితే ఏ పిల్లవాడూ మరచిపోడు.

ఈ నడకకు సరైన వేళ తెల్లవారుజాము. పొద్దెక్కితే కాలిబాట జనప్రవాహమే. బరువులు తలకెత్తుకొన్న కూలీలు పరుగులాంటి నడకతో వస్తుంటారు, వారికి దారి ఇవ్వాలి. ఐదారేళ్ల లోపు పిల్లలను ఎత్తుకోవడం మేలు. కోల్‌కతా వైపు దిగగానే నది ఒడ్డున మల్లిక్ ఘాట్ పూలబజారు ఉంది. బంతిపూల మాలలు కొండచిలువల్లా చుట్టలు చుట్టి పడి ఉంటాయి. మన కడియం పూలసంత చూసినవారు కూడా ఇక్కడి రాశులను చూసి ఒక నిమిషం ఆగుతారు.

రెండవ దారి: నీటి మీద లాంచీ

పూలబజారు చూశాక తిరిగి హౌరా ఒడ్డుకు వంతెన మీదుగా కాక నీటిమీదుగా వెళ్లాలి. నగరానికి రెండువైపులా ఉన్న రేవుల మధ్య రోజంతా లాంచీలు తిరుగుతుంటాయి. ఇవి పర్యాటకుల కోసం ఏర్పాటు చేసినవి కావు. ఆఫీసులకు, దుకాణాలకు, బడులకు వెళ్లేవారు నిత్యం ఎక్కేవి. అందుకే టికెట్ కొన్ని రూపాయలే, ప్రయాణం కొన్ని నిమిషాలే.

లాంచీ ఎక్కే ముందు పిల్లలకు ఒక పని అప్పగించవచ్చు. ఒడ్డు నుంచి రేవు బల్లకట్టు మీదికి దిగే ఇనుప దారి ఎంత వాలుగా ఉందో గమనించమనాలి. ఈ బల్లకట్టు నీటిమీద తేలుతూ ఉంటుంది. సముద్రం ఇక్కడికి చాలా దూరం. అయినా పోటు వచ్చినప్పుడు హుగ్లీ నీరు పైకి లేస్తుంది, ఆటు వేళ దిగిపోతుంది. పోటు సమయంలో ఆ దారి దాదాపు సమంగా ఉంటుంది. ఆటు సమయంలో నిటారుగా దిగుతుంది. కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూస్తే తేడా తెలుస్తుంది. నీటిలో తేలే గుర్రపుడెక్క ఒక వేళ సముద్రం వైపు, మరొక వేళ ఎగువకు సాగడం కూడా చూడవచ్చు. నది వెనక్కి ప్రవహించడం కళ్లారా చూసిన పిల్లలకు ఆటుపోట్ల పాఠం మళ్లీ చెప్పనక్కరలేదు.

హౌరా వంతెన రూపం పూర్తిగా కంటికి ఆనేది కూడా లాంచీ నుంచే. దక్షిణంగా సాగే లాంచీ అయితే దూరాన తీగల మీద వేలాడే విద్యాసాగర్ సేతు కనిపిస్తుంది. అది 1992లో ప్రారంభమైంది. రెండు వంతెనలకూ నడిమి నీటిలో స్తంభాలు లేవు. అయితే ఒకటి చేతులు చాచి నిలిచింది, మరొకటి తీగలు పట్టుకొని వేలాడుతున్నది. యాభై ఏళ్లలో మనుషుల ఆలోచన ఎంత మారిందో ఆ రెండింటినీ చూస్తే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. లాంచీ బల్లకట్టుకు ఆనుతుండగానే దూకి దిగడం ఇక్కడి నిత్య ప్రయాణికుల అలవాటు. పిల్లలతో వచ్చినవారు దాన్ని అనుసరించరాదు. తాళ్లు కట్టే వరకు ఆగి, పిల్లల చేతులు పట్టుకొని, అందరి వెనుక దిగడమే క్షేమం.

మూడవ దారి: నది అడుగున మెట్రో

మధ్యాహ్నపు ఎండ మొదలయ్యే వేళకు హౌరా మెట్రో స్టేషన్‌లోకి దిగవచ్చు. ఇది భూమికి 30 మీటర్లకు పైగా లోతున ఉంది. దేశంలోని అతి లోతైన మెట్రో స్టేషన్లలో ఒకటిగా దీనికి పేరు. ఎస్కలేటర్ తరువాత ఎస్కలేటర్ దిగుతూ పోతుంటే పిల్లలకు బావిలోకి దిగుతున్నట్టే ఉంటుంది.

హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ వరకు 4.8 కిలోమీటర్ల ఈ మార్గాన్ని 2024 మార్చి 6న ప్రారంభించారు. అదే నెల 15 నుంచి ప్రయాణికులను అనుమతించారు. ఇందులో నది కింది భాగం సుమారు 520 మీటర్లు. దాన్ని దాటడానికి రైలుకు పట్టేది దాదాపు 45 సెకన్లు. ఆ భాగం రాగానే కిటికీ బయట నీలి కాంతులు కనిపిస్తాయి. నీలిరంగు కనిపించగానే అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టమని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. లేదంటే వారు అద్దంలో తమ ముఖాలు చూసుకుంటూ ఉండగానే నది దాటిపోతుంది.

నీరు లోపలికి రాదా? ఇది ప్రతి పిల్లవాడూ అడిగే ప్రశ్న. సొరంగం నదిలో లేదు, నది అడుగున ఉన్న మట్టిలో ఉంది. నీటి అడుగుకూ సొరంగానికీ మధ్య పది మీటర్లకు పైగా మన్ను ఉంటుంది. ఆ మన్నును తొలిచే యంత్రం ముందుకు సాగుతుండగా, వెనుకనే కాంక్రీటు బద్దలను గుండ్రంగా అమర్చుతూ పోయారు. బావిలో ఒరలు దింపినట్టే. తేడా ఏమిటంటే ఇవి అడ్డంగా ఉంటాయి. బద్దల అతుకుల వద్ద తడి తగిలితే ఉబ్బే రబ్బరు పట్టీలు వేశారు. నీరు చొరబడాలని చూస్తే ఆ నీరే దారి మూసేస్తుంది.

ఈ ఊహ కొత్తది కాదు. 1921లోనే బ్రిటిష్ ఇంజినీరు హార్లీ డాల్రింపుల్ హే కలకత్తాకూ హౌరాకూ మధ్య నది కింద రైలు మార్గానికి రూపకల్పన చేశారు. డబ్బు లేక అది కాగితాల మీదే నిలిచిపోయింది. వందేళ్ల తరువాత అది నిజమైంది. అయితే తేలికగా కాలేదు. 2019 ఆగస్టు 31న బౌబజార్ ప్రాంతంలో సొరంగం తవ్వుతుండగా భూగర్భ జలం పొర తెగి, పైనున్న పాత ఇళ్లు కుంగిపోయాయి. ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆ భాగం పూర్తై, హౌరా మైదాన్ నుంచి సాల్ట్‌లేక్ సెక్టార్ 5 వరకు మార్గమంతా ఒక్కటయ్యేసరికి 2025 ఆగస్టు వచ్చింది. కాస్త పెద్ద పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి. మనం చల్లగా కూర్చొని దాటే 45 సెకన్ల వెనుక ఎవరి ఇల్లు పోయిందో తెలిసి ఉండడం మంచిదే.

ఎస్ప్లనేడ్: ఒకేచోట మూడు కాలాలు

నది కింది రైలు దిగేది ఎస్ప్లనేడ్‌లో. భారతదేశపు మొట్టమొదటి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న బయలుదేరింది కూడా ఇక్కడి నుంచే, భవానీపూర్ వరకు. ఆ పాత మార్గమూ, ఈ కొత్త మార్గమూ ఈ స్టేషన్‌లోనే కలుస్తాయి. మెట్లెక్కి పైకి వస్తే ట్రాముల స్టాండు. 1902 మార్చి 27న కలకత్తాలో తొలి విద్యుత్ ట్రాము నడిచింది ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కు. అంతకు ముందు, 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్ వరకు గుర్రాలు లాగిన ట్రాము ఈ నగరంలో నడిచింది.

తెలుగువారికి ట్రాము అపరిచితమైనది కాదు. ఉమ్మడి మదరాసు రాష్ట్రంలో చదువులకు, ఉద్యోగాలకు, సినిమాలకు చెన్నపట్నం వెళ్లిన తరానికి ట్రాము నిత్యజీవితం. అక్కడ 1953లో ట్రాములు ఆగిపోయాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కూడా ఆ ఏడాదే. తరువాత ఢిల్లీ, బొంబాయి కూడా ట్రాములకు స్వస్తి చెప్పాయి. దేశంలో చివరకు మిగిలింది కోల్‌కతా ఒక్కటే.

అది కూడా ఎంతకాలం అన్నది ఇప్పుడు ప్రశ్న. మైదాన్-ఎస్ప్లనేడ్ మధ్య వారసత్వ చిహ్నంగా ఒక చిన్న మార్గాన్ని ఉంచి, మిగిలిన ట్రాము సేవలను నిలిపివేస్తామని 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ రవాణా మంత్రి ప్రకటించారు. నగర విస్తీర్ణంలో రహదారుల వాటా సుమారు 6 శాతమే కావడం, ట్రాముల వల్ల వాహనాల రాకపోకలు స్తంభించడం ప్రభుత్వం చూపిన కారణాలు. ట్రాము అభిమానులు, పర్యావరణ హితులు దీన్ని వ్యతిరేకించారు. వివాదం కలకత్తా హైకోర్టుకు చేరింది.

ఇరుపక్షాల వాదనలూ పిల్లలకు ట్రాములో కూర్చొనే అర్థమవుతాయి. పట్టాల మీద నడిచే బండి పక్కకు తప్పుకోలేదు. ముందు ఒక ఆటో అడ్డంగా ఆగితే ట్రాము కదలదు, వెనుకనున్నవన్నీ ఆగుతాయి. ప్రభుత్వం చెప్పేది ఇదే. మరోవైపు ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లడానికి పట్టే శక్తి తక్కువ. పొగ లేదు. ఒక ట్రాములో పట్టే జనం కార్లలో వెళితే ఎన్ని కార్లు కావాలో లెక్క వేయమంటే పిల్లలే చెబుతారు. కావాలనే వారి వాదన అది. డ్రైవరు కాలితో గంట మోగిస్తుండగా, చెక్క బల్లల మీద కూర్చొని, మనిషి పరుగు వేగంతో ఊరు చూస్తూ పోవడం ఇంకెక్కడా దొరకని అనుభవం. ఏ మార్గంలో ట్రాము నడుస్తున్నదో ఎస్ప్లనేడ్‌లో వాకబు చేసి, నడుస్తున్న దానిలో ఎక్కడం మంచిది.

కోల్‌కతాలో తెలుగు నేల ఆనవాళ్లు

యాత్రలో పిల్లలకు పరాయి ఊరు దగ్గరయ్యేది తమ ఊరి పేరు అక్కడ వినిపించినప్పుడు. కోల్‌కతాలో అలాంటి చోట్లు కనీసం మూడున్నాయి.

మొదటిది జోడాసాంకోలోని ఠాకూర్ల ఇల్లు. రవీంద్రనాథ్ ఠాకూర్ 1861లో పుట్టింది, 1941లో కన్నుమూసింది ఈ ఇంట్లోనే. ప్రస్తుతం ఇది మ్యూజియం. పిల్లలు బడిలో రోజూ పాడే జాతీయగీతం మొదటిసారి వినిపించింది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో. దానిని రవీంద్రుడు ఆంగ్లంలోకి అనువదించింది 1919లో మన మదనపల్లెలో. అక్కడి కళాశాలలోనే మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరలిపి సిద్ధం చేశారు. బడి ప్రార్థనలో నిలబడే పిల్లవాడికి ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారి ఏర్పడుతుంది.

రెండవది హౌరా వైపు శిబ్‌పూర్‌లోని వృక్షోద్యానం. 1787లో స్థాపించిన ఈ తోటకు 1793లో అధిపతిగా వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ అంతవరకు ఉన్నది గోదావరి జిల్లా సామర్లకోటలో. అక్కడ మొక్కలు పెంచి, పరిశీలించి, కోరమాండల్ తీరపు మొక్కల మీద గ్రంథం రూపొందించిన వృక్షశాస్త్రవేత్త ఆయన. తోటలోని మహావటవృక్షం వయస్సు 250 ఏళ్లకు పైగా ఉంటుందని అంచనా. 1864, 1867 తుపానుల్లో దెబ్బతిన్న దాని అసలు మానుకు బూజు తెగులు సోకడంతో 1925లో తొలగించారు. తల్లి మాను లేకుండానే వేల ఊడల మీద చెట్టు నిలిచి, ఇంకా విస్తరిస్తూనే ఉంది. మన తిమ్మమ్మ మర్రిమానును, పాలమూరు పిల్లలమర్రిని చూసిన పిల్లలు ఏది పెద్దదో వాదించుకోవడానికి మంచి అవకాశం.

మూడవది బారానగర్‌లోని భారతీయ గణాంక సంస్థ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో ఇక్కడికి వచ్చి, పాతికేళ్ల ప్రాయంలోనే ప్రపంచ ప్రసిద్ధమైన సిద్ధాంతాన్ని ప్రకటించి, నాలుగు దశాబ్దాలు పనిచేశారు. పిల్లలను అంతకంటే ఆకట్టుకునేది సంస్థలోని భూగర్భ మ్యూజియం. తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దులోని ప్రాణహిత-గోదావరి లోయలో ఈ సంస్థ శాస్త్రవేత్తలు తవ్వి తీసిన రాక్షసబల్లి అస్థిపంజరం అక్కడ నిలబడి ఉంది. పేరు బరాపాసారస్ టాగొరై. బెంగాలీలో బరా పా అంటే పెద్ద కాలు. దొరికిన తొడ ఎముకే సుమారు 1.7 మీటర్లు, అంటే ఒక మనిషంత. టాగొరై అన్నది రవీంద్రుని శతజయంతి జ్ఞాపకంగా చేర్చిన పేరు. ఎముకలెన్నో దొరికాయి గాని పుర్రె దొరకలేదు. ఈ మ్యూజియం విద్యాసంస్థ ఆవరణలో ఉన్నందున ముందుగా అనుమతి అడిగి వెళ్లాలి.

రోజుకు ఒక పెద్ద చోటు చాలు

మిగిలిన ప్రసిద్ధ ప్రదేశాల విషయంలో ఒక్క నియమం పాటిస్తే చాలు. పొద్దున ఒక పెద్ద చోటు, సాయంత్రం ఒక తేలికైన చోటు. మధ్యాహ్నం విశ్రాంతి.

ఇండియన్ మ్యూజియంను 1814లో స్థాపించారు. స్థానికులు దాన్ని జాదూఘర్ అంటారు, అంటే మాయల ఇల్లు. అన్నీ చూడాలనుకుంటే ఆ మాయ గంటలో ఆవిరవుతుంది. మూడు మాత్రం ఎంచుకోవాలి: ఈజిప్టు మమ్మీ, పెద్ద జంతువుల ఎముకలు, భార్హుత్ స్తూపపు రాతి కంచె. ఆ కంచె మీద జాతక కథలు చెక్కి, కింద బ్రాహ్మీ లిపిలో పేర్లు రాశారు. బొమ్మల కథల పుస్తకానికి అది రెండు వేల ఏళ్ల కిందటి తాత. ఆ లిపిని 1837లో చదివి విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ పేరనే నది ఒడ్డున ప్రిన్సెప్ ఘాట్ ఉంది. సాయంత్రం అక్కడికి తీసుకువెళితే పొద్దున చూసింది గుర్తుంటుంది.

తాకి, తిప్పి, నొక్కి చూడాలనుకునే పిల్లలకు రెండు చోట్లున్నాయి. గురుసదయ్ రోడ్డులో 1959లో ప్రారంభమైన బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియంలో బొగ్గు గని నమూనాలోకి దిగవచ్చు. సింగరేణి ప్రాంతపు పిల్లలు తమ తండ్రులో తాతలో చేసిన పని ఏమిటో అక్కడ అడుగుతారు. 1997లో తెరిచిన సైన్స్ సిటీకి ఒక పూట మొత్తం కేటాయించాలి.

విక్టోరియా మెమోరియల్ 1921లో ప్రారంభమైంది. పాలరాతి గుమ్మటం మీద నిలిచిన నల్లని దేవకన్య విగ్రహం గాలికి తిరిగేలా అమర్చినదని చెబితే పిల్లలు లోపలి చిత్రాలకంటే దానినే ఎక్కువసేపు చూస్తారు. చూడనివ్వాలి. అలీపూర్ జంతుప్రదర్శనశాల 1876 నాటిది. అద్వైత అనే మహా తాబేలు 2006లో మరణించే వరకు ఇక్కడే ఉండేది. దాని వయస్సు రెండున్నర శతాబ్దాలని చెప్పుకుంటారు.

ఎప్పుడు వెళ్లాలి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

తెలుగు బడులకు మూడు పెద్ద సెలవులు: దసరా, సంక్రాంతి, వేసవి. మూడింటికీ కోల్‌కతాలో మూడు చిక్కులున్నాయి. వేసవిలో ఉక్కపోత భరించడం పిల్లలకు కష్టం. దసరా సమయానికి అక్కడ దుర్గాపూజ. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ ఉత్సవం కన్నుల పండువే. కాని రాత్రుళ్లు జనసంద్రంలో చిన్నపిల్లలతో మండపాలు తిరగడం ప్రమాదకరం. పగటిపూట, అది కూడా సప్తమికి ముందే చూడడం మేలు. అంతకు ముందు వారాల్లో వెళితే కుమార్‌టులిలో మట్టి విగ్రహాలకు రూపమివ్వడం చూడవచ్చు. సంక్రాంతికి గంగాసాగర్ యాత్రికులతో బాబూఘాట్ పరిసరాలు కిక్కిరిసి ఉంటాయి. అయినా వాతావరణం దృష్ట్యా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే అనువైన కాలం. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే చలికాలపు పొగమంచులో తెల్లవారుజాము నడకలు తగ్గించి, మందులు వెంట ఉంచుకోవాలి. డిసెంబరు 25, జనవరి 1 తేదీల్లో జంతుప్రదర్శనశాలకు వెళ్లకపోవడమే మంచిది.

ప్రధాన మ్యూజియంలకు సోమవారం, జంతుప్రదర్శనశాలకు గురువారం సెలవు ఉండడం ఆనవాయితీ. బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోవాలి. తిరుగు ప్రయాణపు రైలు హౌరా నుంచా, షాలిమార్ నుంచా అన్నది టికెట్ మీద తప్పక చూడాలి. రెండింటి మధ్య దూరం, రద్దీ తక్కువేమీ కాదు.

తిండి విషయంలో పిల్లలకు ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, చేపలు, మిఠాయిలు అన్నిచోట్లా దొరుకుతాయి. మరమరాల ఝాల్‌మురీ మన మసాలా మరమరాలకు చుట్టమే, ఆవనూనె ఘాటు మాత్రం కొత్త. పుచ్కా అంటే పానీపూరి. ఆ నీళ్లు చిన్నపిల్లలకు పెట్టకపోవడమే శ్రేయస్కరం. రసగుల్లా, మట్టి ముంతలోని మీఠా పెరుగు ధైర్యంగా ఇవ్వవచ్చు. రద్దీ చోట్లకు వెళ్లేటప్పుడు పిల్లల జేబులో తల్లిదండ్రుల ఫోన్ నంబరు, బస చిరునామా రాసిన కాగితం ఉంచాలి. తప్పిపోతే కదలకుండా నిలబడమని, పోలీసులనో దుకాణదారునో అడగమని ముందే నేర్పాలి.

చివరి రోజు మళ్లీ నదిని దాటాలి. రైలు ఆవలి ఒడ్డునే ఉంటుంది మరి. వంతెన మీదుగానా, లాంచీలోనా, సొరంగం గుండానా అన్న నిర్ణయాన్ని ఆ రోజు పిల్లలకే వదిలివేయవచ్చు. సామాను ఉంది కాబట్టి టాక్సీయే సులువని పెద్దలకు తోస్తుంది. కాస్త ముందుగా బయలుదేరితే పిల్లలు కోరిన దారిలోనే వెళ్లడానికి సమయం ఉంటుంది. ఇంటికి చేరాక వారు నలుగురికీ చెప్పుకొనేది ఆ దారి గురించే.